విశాఖలో నేవీ ఉద్యోగం వచ్చింది, ఇల్లు ఏ వైపు చూసుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఆయన పదిహేనేళ్లు నేవీలో సెయిలర్‌గా చేశారు. రిటైరయ్యాక విశాఖ నేవల్ డాక్‌యార్డ్‌లోనే సివిలియన్ ఉద్యోగంలో చేరారు. మాది చీరాల. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఈ ఊళ్లో మూడు ఇళ్లు మారాం. మొదట శ్రీహరిపురంలో అద్దెకున్నాం, తర్వాత నేవీ క్వార్టర్స్, ఇప్పుడు మర్రిపాలెం. అందుకేనేమో, చుట్టాల్లో గానీ తెలిసినవాళ్లలో గానీ ఎవరికి విశాఖ పోస్టింగ్ వచ్చినా మొదటి ఫోన్ నాకే వస్తుంది. "వదినా, ఇల్లు ఎక్కడ చూసుకోమంటావ్?" అని. అందరూ అడిగేవి ఇంచుమించు అవే ప్రశ్నలు. నాకు తెలిసినంత వరకు ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఇల్లు వెతకడానికి ముందు తెలుసుకోవాల్సిన మొదటి విషయం ఏంటి?

మీరు రోజూ ఏ గేటులో నుంచి లోపలికి వెళ్లాలి అన్నది. "విశాఖ నేవీ" అంటే ఒక్క చోటు కాదు. తూర్పు నౌకాదళం ప్రధాన కార్యాలయం, డాక్‌యార్డ్, సబ్‌మెరైన్ల స్థావరం ఐఎన్‌ఎస్ వీరబాహు అన్నీ సింధియా వైపు, హార్బర్ పక్కన ఉంటాయి. విమానాల స్థావరం ఐఎన్‌ఎస్ డేగా ఎయిర్‌పోర్టును ఆనుకుని ఉంటుంది. ఆయుధాల డిపో ఉన్నది ఎన్‌ఏడీ దగ్గర. ఆ జంక్షన్‌కి ఎన్‌ఏడీ కొత్తరోడ్డు అనే పేరు వచ్చిందే నేవల్ ఆర్మమెంట్ డిపో వల్ల. డీఆర్‌డీవో వాళ్ల నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్ కూడా ఆ వైపే. ఇంకో నేవీ స్థావరం ఐఎన్‌ఎస్ కళింగ అయితే ఊరికి ఉత్తరాన భీమిలి దారిలో ఉంటుంది. సింధియాకీ కళింగకీ మధ్య ఊరు ఊరంతా ఉంది.

అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో "విశాఖపట్నం" అని మాత్రమే ఉంటే, ఆఫీసుకి ఫోన్ చేసి యూనిట్ ఎక్కడో కనుక్కునేదాకా అడ్వాన్సు ఇవ్వొద్దు. మా చుట్టాలబ్బాయి ఒకడు మధురవాడలో ఫ్లాట్ తీసుకున్నాక తెలుసుకున్నాడు, తన డ్యూటీ డాక్‌యార్డ్‌లో అని. ఏడాది పాటు పొద్దున్నే ఊరికి ఈ కొస నుంచి ఆ కొసకి బండి మీద వెళ్లొచ్చాడు.

గేటుకి ఎంత దగ్గరుంటే అంత మంచిది కదా?

మగవాళ్లందరూ ఇదే అంటారు. నా మాట వేరు. గేటు దగ్గర కావాల్సింది ఉద్యోగానికి వెళ్లే ఒక్కరికి, అదీ రోజుకి రెండు సార్లు. మిగతా రోజంతా ఆ వీధిలో బతికేది ఇంట్లో ఉండే మనిషి. సెయిలర్ అయితే ఓడ ఎప్పుడు కదులుతుందో, ఎన్ని వారాలకి వస్తుందో మన చేతుల్లో లేదు. డాక్‌యార్డ్ సివిలియన్ అయినా ఓడ రీఫిట్ (పెద్ద మరమ్మతు) పూర్తవుతోందంటే ఓవర్‌టైమ్, సీ ట్రయల్స్ (ఓడని సముద్రంలో నడిపి చూడటం) ఉంటాయి.

అందుకే ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు నేను ఒకటే అనుకుంటాను. ఈయన నలభై రోజులు ఇంటికి రాకపోతే నేనూ పిల్లలూ ఈ వీధిలో ఇబ్బంది లేకుండా ఉండగలమా? మందుల షాపు, పాలు, ఆటో, బడి, రాత్రి పది తర్వాత కూడా తలుపు కొట్టగలిగే ఒక ఇల్లు. ఇవన్నీ నడిచి వెళ్లే దూరంలో ఉంటే, గేటు ఇంకో ఐదు కిలోమీటర్లు దూరమైనా నష్టం లేదు.

సింధియా, మల్కాపురం, శ్రీహరిపురం ఎలా ఉంటాయి?

డాక్‌యార్డ్, షిప్‌యార్డ్, రిఫైనరీ వాళ్లు తరాలుగా ఉంటున్న పేటలివి. సింధియా అనే పేరు ఇక్కడ ఓడల కార్ఖానా పెట్టిన సింధియా స్టీమ్ నేవిగేషన్ కంపెనీ నుంచి వచ్చింది. 1941లో ఆ కార్ఖానాకి పునాది వేశారు. ఇప్పుడది హిందుస్థాన్ షిప్‌యార్డ్. పొద్దున డ్యూటీ వేళకి ఈ రోడ్డు మీద నిలబడితే సైకిళ్లు, బైకులు, టిఫిన్ క్యారేజీలు వరదలా వస్తాయి. ఆ వరదలో మీవాళ్లూ ఒకరైతే, నడిచి వెళ్లి నడిచి రావచ్చు. అద్దె ఊళ్లోకంటే తక్కువ. వీధి మొత్తానికి ఒకళ్లనొకళ్లు తెలుసు.

ఇబ్బందులూ ఉన్నాయి. సందులు ఇరుకు, కారు పెట్టుకోవడానికి చోటు దొరకదు. పాత ఇళ్లలో గాలి ఆడదు. రిఫైనరీ వాసన కొన్ని రోజులు అసలు తెలియదు, కొన్ని రోజులు కిటికీ తెరవనివ్వదు. పోర్టు వైపు నుంచి వచ్చే నల్లటి దుమ్ము సంగతి కింద విడిగా రాశాను.

నా పెద్దవాడికి మూడేళ్లప్పుడు శ్రీహరిపురంలో ఒక రాత్రి 104 జ్వరం వచ్చి ఫిట్స్ వచ్చాయి. మా ఆయన ఓడ మీద ఉన్నారు. కింది వాటాలో ఉండే పిన్నిగారు, ఆమె భర్త షిప్‌యార్డ్‌లో వెల్డరు, చెప్పులు కూడా వేసుకోకుండా పైకొచ్చి పిల్లాణ్ణి భుజాన వేసుకుంది. ఆయన అప్పటికే ఆటో పిలిచారు. ఆ ఇంట్లో కుళాయి కారేది, గోడలకు చెమ్మ ఉండేది. అయినా ఆ వీధి నాకు చేసిన మేలు ఏ గేటెడ్ కమ్యూనిటీ చేసేది కాదు.

గాజువాక?

మార్కెట్టు కావాలంటే గాజువాకే. బట్టలు, బంగారం, ఆస్పత్రులు, కోచింగులు, బస్సులు అన్నీ అక్కడే ఉన్నాయి. స్టీల్ ప్లాంటు వాళ్ల వల్ల పెరిగిన ఊరు, 2005లో గ్రేటర్ విశాఖలో కలిసింది. డాక్‌యార్డ్‌కి వెళ్లాలన్నా, డేగాకి వెళ్లాలన్నా అందుబాటులో ఉంటుంది. భార్యాభర్తల్లో ఒకరు నేవీ వైపు, ఒకరు స్టీల్ ప్లాంటు, ఆటోనగర్ వైపు పనిచేస్తుంటే ఇంతకంటే సులువైన చోటు లేదు. కాకపోతే హైవే మీద లారీలు ఎక్కువ, సాయంత్రం జంక్షన్ దాటడం ఒక పని. మెయిన్ రోడ్డుకి రెండు మూడు వీధులు లోపలికి చూసుకోండి.

మర్రిపాలెం, ఎన్‌ఏడీ, గోపాలపట్నం ఎవరికి నప్పుతాయి?

ఇంకా పోస్టింగ్ ఎక్కడో తెలియనివాళ్లకి, లోపల్లోపల యూనిట్లు మారే అవకాశం ఉన్నవాళ్లకి. ఎన్‌ఏడీ నుంచి ఊళ్లోకి ఒక దారి, గాజువాకకి ఒక దారి, పెందుర్తికి ఒక దారి. ఫ్లైఓవర్ వచ్చాక జంక్షన్ దగ్గర నిలబడే టైమ్ బాగా తగ్గింది. మర్రిపాలెం ఉడా లేఅవుట్‌లో వీధులు వెడల్పుగా ఉంటాయి, చెట్లున్నాయి. మేము ఇక్కడ ఉండిపోవడానికి కారణం అదే.

ఒక సంగతి. డేగా రన్‌వే దగ్గర కాబట్టి హెలికాప్టర్ల చప్పుడు ఉంటుంది. పెద్దవాళ్లకి నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది. పసిపిల్లలు మాత్రం మొదట్లో ఉలిక్కిపడతారు. ఇల్లు చూసేటప్పుడు ఒక పూట అక్కడ కూర్చుని వినండి.

ఇంకా నెమ్మదిగా, ఖాళీగా కావాలనుకుంటే వేపగుంట, పెందుర్తి, సింహాచలం వైపు వెళ్లొచ్చు. సింహాచలం కొండ కింద ఉంటే ఆషాఢంలో గిరి ప్రదక్షిణ, వైశాఖంలో చందనోత్సవం రోజుల్లో రోడ్లు మూసేస్తారు. ఆ రోజు డ్యూటీ ఉన్నవాళ్లు తెల్లవారుజామునే బయల్దేరాలి.

ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, ద్వారకానగర్ వైపు ఉంటే?

పిల్లలు ఇంటర్‌కి వచ్చారంటే చాలామంది అటే చూస్తారు. కాలేజీలు, కోచింగ్ సెంటర్లు అక్కడే ఉన్నాయి. బీచ్ దగ్గర. అద్దె ఎక్కువ, డాక్‌యార్డ్ దూరం. రెండేళ్ల కోసం పిల్లల చదువు ముఖ్యమనుకుంటే ఖర్చు పెట్టండి, తప్పు లేదు. సముద్రం కనిపిస్తుందని మాత్రం ఇల్లు తీసుకోకండి. ఉప్పుగాలికి గేటు, గ్రిల్లు, ఏసీ అవుట్‌డోర్, స్కూటర్ సైలెన్సర్ అన్నీ తుప్పు పడతాయి.

మధురవాడ, భీమిలి?

ఐఎన్‌ఎస్ కళింగలో ఉద్యోగమైతే మధురవాడ, పీఎం పాలెం, ఆనందపురం, భీమిలి. దీంట్లో ఆలోచించడానికేమీ లేదు. కొత్త అపార్ట్‌మెంట్లు, గాలి బాగుంటుంది. డాక్‌యార్డ్ ఉద్యోగానికి అయితే వద్దు.

రాంబిల్లి వైపు వేస్తారంటున్నారు. ఇప్పుడే అటు వెళ్లిపోవాలా?

రాంబిల్లి విశాఖకి దక్షిణాన యాభై కిలోమీటర్ల దూరం, అనకాపల్లి జిల్లా. అక్కడ నేవీ కొత్త స్థావరం కడుతోందని అందరికీ తెలిసిన విషయమే. మీ ఆర్డర్ చేతికి వచ్చేదాకా ఇల్లు మార్చకండి. వచ్చాక కూడా మొదట మనిషి ఒక్కరే వెళ్లి, కుటుంబం కోసం అచ్యుతాపురం, ఎలమంచిలి, అనకాపల్లి మూడూ తిరిగి చూడాలి. అచ్యుతాపురంలో సెజ్ ఫ్యాక్టరీల వల్ల అద్దె ఇళ్లకి గిరాకీ ఎక్కువ. బడులు, పెద్ద ఆస్పత్రి కావాలంటే అనకాపల్లి నయం. ఇంట్లో ఇంకొకరి ఉద్యోగం విశాఖలో ఉంటే కూర్మన్నపాలెం, దువ్వాడ, లంకెలపాలెం మధ్యస్థంగా ఉంటాయి. దువ్వాడలో రైలు కూడా ఆగుతుంది.

క్వార్టర్స్ తీసుకోవాలా, బయట అద్దెకి ఉండి హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) తీసుకోవాలా?

లెక్క ముందు చెప్తాను. హెచ్‌ఆర్‌ఏ కోసం నగరాల్ని ఎక్స్, వై, జెడ్ అని విడదీస్తారు, విశాఖ వై కేటగిరీ నగరం. ఏడో వేతన సంఘం ప్రకారం హెచ్‌ఆర్‌ఏ 16 శాతంతో మొదలై, డీఏ 50 శాతానికి చేరాక, అంటే 2024 జనవరి నుంచి 20 శాతం అయింది. బేసిక్ 35,400 ఉన్నవాళ్లకి నెలకి 7,080 వస్తుంది. క్వార్టర్ తీసుకుంటే ఈ డబ్బు ఆగిపోయి, పైగా కొద్దిపాటి లైసెన్స్ ఫీజు కట్ అవుతుంది. ఇంకోటి, హెచ్‌ఆర్‌ఏ లెక్క మీరు పనిచేసే చోటుని బట్టి, నివాసముండే చోటుని బట్టి కాదు. అద్దె తక్కువని దూరంగా ఉన్నా అది తగ్గదు.

ఇక మనసులో మాట. సెయిలర్ కుటుంబం, చిన్న పిల్లలు, కొత్త ఊరు అయితే క్వార్టర్ దొరికితే వదలకండి. చుట్టూ అందరి ఇళ్లలో పరిస్థితి ఒకటే. ఎవరి భర్త సముద్రం మీద ఉన్నాడో అందరికీ తెలుసు, అడక్కుండానే కూర పట్టుకొస్తారు. బెంగాలీ ఆమె దగ్గర నేను చేపల కూర నేర్చుకున్నాను, మలయాళీ పాప మా ఇంట్లో తెలుగు నేర్చుకుంది. మా ఇంటికి ఎదురింటివాళ్లది పంజాబ్. ఇప్పటికీ వాళ్ల పిల్లల పుట్టినరోజులకి ఫోన్ చేస్తాను.

కానీ వెయిటింగ్ లిస్టు ఉంటుంది. చేరిన రోజే అప్లికేషన్ పెట్టేసి, ఈలోగా బయట ఇల్లు చూసుకోండి. ఆలస్యం చేస్తే లిస్టులో వెనక్కి పడొచ్చు.

దుమ్ము, వాసన ఉన్నాయో లేవో ఇల్లు చూసే ఆ పది నిమిషాల్లో ఎలా తెలుస్తుంది?

ఒక తెల్ల చేతిరుమాలు పట్టుకెళ్లండి. బాల్కనీ రెయిలింగ్ పైన కాదు, అక్కడ తుడిచే ఉంటారు. కిటికీ గ్రిల్లు అడుగు భాగం, మీటరు బాక్సు పైన, మేడ మీద వాటర్ ట్యాంకు మూత మీద రుద్దండి. బూడిదరంగు వస్తే మామూలు మట్టి. కాటుకలా నల్లగా, జిడ్డుగా అంటుకుంటే అది బొగ్గు దుమ్ము. పాత పట్నం, కాన్వెంట్ జంక్షన్, జ్ఞానాపురం, మల్కాపురం వైపు చూసేవాళ్లు ఇది తప్పకుండా చేయండి. అక్కడ మేడ మీద వడియాలు ఆరేసుకునే ఇళ్లున్నాయా లేదా అని కూడా చూడండి. వడియాలు పెట్టే వీధిలో గాలి బాగున్నట్టే.

వాసన సంగతి ఇంటి ఓనర్‌ని అడిగితే చెప్పరు. వీధి చివర ఇస్త్రీ బండి ఆయన్ని గానీ, టీ కొట్టు దగ్గర గానీ అడగండి. "ఏ నెలల్లో వస్తుంది, పగలా రాత్రా?" అని. వాళ్లు ఏదీ దాచరు.

ఫ్యాక్టరీ ప్రమాదాల గురించి భయపడాలా?

ఆలోచించాలి. 1997 సెప్టెంబర్ 14న రిఫైనరీలో పేలుడు జరిగి 60 మందికి పైగా చనిపోయారు. 2020 మే 7 తెల్లవారుజామున గోపాలపట్నం దగ్గర ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది ప్రాణాలు పోయాయి. నిద్రలో ఉన్నవాళ్లు లేచి ఎటు పరుగెత్తాలో తెలియక వీధుల్లో పడిపోయారు. అది మరిచిపోయి ఇల్లు ఎంచుకోమని నేను ఎవరికీ చెప్పలేను.

పరిశ్రమలు లేని వైపు మాత్రమే ఉండాలంటే డాక్‌యార్డ్ ఉద్యోగులకి కుదరదు. కుదిరేది ఇది. ఫ్యాక్టరీ గోడని ఆనుకున్న వీధి వద్దు. ఒకే దారి ఉన్న సందు వద్దు. మీ వీధి నుంచి బయటపడటానికి రెండు వేర్వేరు దిక్కుల్లో దారులుండాలి. ఇంట్లో ముసలివాళ్లుంటే పై అంతస్తు తీసుకునే ముందు వాళ్లని దించడం ఎలాగో ఆలోచించాలి.

గేటుకి ఎంతసేపు పడుతుందో ఎలా లెక్క వేసుకోవాలి?

ఆదివారం వెళ్లి చూడకండి. సోమవారం పొద్దున డ్యూటీ టైముకి, మళ్లీ సాయంత్రం వదిలే టైముకి అదే దారిలో బండి మీద ఒకసారి వెళ్లి రండి. మ్యాప్‌లో కిలోమీటర్లు చూస్తే ఇక్కడ మోసపోతాం. మధ్యలో హార్బర్ ఉంది, కొండలున్నాయి, రైల్వే లైన్లున్నాయి. కళ్లెదురుగా కనిపించే చోటుకి చుట్టు తిరిగి వెళ్లాలి. డాక్‌యార్డ్ వంతెన మూసేసినప్పుడు ఊళ్లో నుంచి వచ్చేవాళ్లు చుట్టు తిరిగి రావాల్సి వచ్చింది. ఒక్క వంతెన మీద ఆధారపడే ఇల్లయితే రెండో దారి కూడా చూసి పెట్టుకోండి.

గేటు దగ్గరికి చేరడంతో అయిపోదు. బండి పెట్టడం, పాస్ చూపించడం, లోపల వర్క్‌షాప్ దాకా నడవడం, అన్నీ కలుపుకోవాలి. డిసెంబర్ 4 నేవీ డే ప్రదర్శన ఇక్కడ జరిగే ఏడాది, దాని ముందు రిహార్సల్స్ రోజుల్లో బీచ్ రోడ్డు వైపు ట్రాఫిక్ మళ్లిస్తారు, అది కూడా గుర్తుంచుకోండి.

పిల్లల బడి సంగతి?

మొదట బడి, తర్వాత ఇల్లు. కేంద్రీయ విద్యాలయాలు విశాఖలో చాలా ఉన్నాయి. నౌసేనాబాగ్, మల్కాపురం, వాల్తేరు, కళింగ, ఇలా నేవీవాళ్లకి అందుబాటులోనే. బదిలీ అయ్యే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకి మొదటి ప్రాధాన్యం, అందులోనూ గత ఏడేళ్లలో ఎన్ని బదిలీలు అయ్యాయో చూస్తారు. కాబట్టి పాత బదిలీ ఆర్డర్ల కాపీలు ఒక ఫైల్లో పెట్టుకుని రండి. ఇప్పటికే కేవీలో చదువుతున్న పిల్లలకి ఇక్కడి కేవీలోకి మారడం సులువు. నేవీ చిల్డ్రన్ స్కూల్ కూడా ఉంది.

సీటు ఏ బడిలో వచ్చిందో తెలిశాక ఆ చుట్టుపక్కల ఇల్లు చూడండి. ముందు ఇల్లు తీసుకుని, తర్వాత బడి వేరే వైపు వచ్చి, రోజూ ఆటోకి డబ్బులు పోసినవాళ్లు నాకు తెలిసి నలుగురున్నారు.

ఆస్పత్రి?

సర్వీసులో ఉన్నవాళ్లకి, వాళ్ల కుటుంబాలకి నేవీ ఆస్పత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి ఉంది. సివిలియన్లు తమకి సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ఉద్యోగుల వైద్య పథకం) వర్తిస్తుందో లేదో ఆఫీసులో అడిగి, ఏ ప్రైవేటు ఆస్పత్రులు లిస్టులో ఉన్నాయో రాసుకోవాలి. ఇంట్లో గర్భిణి గానీ, గుండెజబ్బు ఉన్న పెద్దవాళ్లు గానీ ఉంటే ఇల్లు ఆ ఆస్పత్రి వైపే.

డ్యూటీలో ఉన్నప్పుడు ఫోన్ కలవదంటారు, నిజమేనా?

నిజమే. 2019లో గూఢచర్యం కేసు బయటపడి నేవీ సిబ్బంది అరెస్టయ్యాక, స్థావరాల్లోకి, డాక్‌యార్డ్‌లోకి స్మార్ట్‌ఫోన్లు తీసుకెళ్లడం ఆపేశారు. పొద్దున లోపలికి వెళ్లిన మనిషి సాయంత్రం బయటికొచ్చేదాకా మీ కాల్ అందుకోరు. కొత్తగా వచ్చిన ఆడవాళ్లు మొదటి వారంలో పడే టెన్షన్ అంతా దీని గురించే. "ఇరవై సార్లు చేశాను అక్కా, ఎత్తట్లేదు" అని ఏడ్చినవాళ్లున్నారు.

చేరిన రోజే సెక్షన్ ల్యాండ్‌లైన్ నంబర్ రాయించుకుని ఫ్రిజ్ మీద అంటించండి. ఆ నంబర్ పిల్లలకి కూడా తెలియాలి. పగలు మీకు ఏదైనా అయితే పది నిమిషాల్లో రాగలిగే ఇంకో మనిషి ఎవరో ముందే అనుకోండి. ఆ మనిషి ఉండే వీధిలోనో, పక్క వీధిలోనో ఇల్లు దొరికితే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు.

తుఫాన్లు వస్తాయి కదా, ఇల్లు చూసేటప్పుడు ఏం గమనించాలి?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది. తుఫాను వస్తుందంటే ఓడల్ని ఒడ్డున ఉంచరు, ముందే సముద్రంలోకి పంపేస్తారు. ఇంట్లో మగమనిషి అవసరం ఎక్కువగా ఉండే రోజునే ఆయన ఇంట్లో ఉండరు. ఆ రోజు నేనూ పిల్లలూ నడిమి గదిలో, కిటికీ లేని గోడకి పరుపు ఆనించుకుని కూర్చున్నాం. వంటింటి రేకులు లేచిపోయిన చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. వీధి మొగలో చేతి బోరింగు ఉండబట్టి నీళ్లు దొరికాయి.

అప్పటి నుంచి ఇల్లు చూస్తే నాలుగు వైపులా కిటికీలు లేని గది ఒకటైనా ఉందా, పైన రేకులా స్లాబా, పక్కింటి కొబ్బరిచెట్టు ఎటు వంగి ఉంది, కరెంటు లేకపోతే నీళ్లెలా అని చూస్తాను. కొండవాలు మీద ఇళ్లు చవగ్గా వస్తాయి, గట్టి వానకి మట్టి జారుతుంది. గెడ్డ (వాగు) ఒడ్డున ఇల్లయితే నీళ్లు ఇంట్లోకి వస్తాయి. గోడ మీద పాత నీటి చార ఎంత ఎత్తులో ఉందో చూడండి, కొత్త సున్నం వేసినా చెమ్మ దాగదు.

బోరు నీళ్లు బాగుంటాయా?

వేసవిలో చూడాలి. మేము ఒకసారి జనవరిలో ఇల్లు చూసి అడ్వాన్సు ఇచ్చేశాం, ఏప్రిల్ దాటేసరికి బోరు ఉప్పగా మారింది, పప్పు ఉడికేది కాదు. మున్సిపల్ కుళాయి ఉందా, రోజూ వస్తుందా, ఎన్ని గంటలకి అని పక్కింట్లో అడగండి.

ఇరుగుపొరుగుకి ఉద్యోగం గురించి ఎంతవరకు చెప్పొచ్చు?

"నేవీలో" అంటే చాలు. ఏ ఓడ, ఎప్పుడు బయల్దేరుతుంది, ఎప్పుడు వస్తుంది, ఇవేవీ చెప్పకూడదు. పిల్లలకి కూడా నేర్పండి. ఇంటి ఓనర్ అడిగినా డిఫెన్స్ ఐడీ కార్డు జెరాక్స్ ఇవ్వొద్దు, ఆధార్ సరిపోతుంది. ఓడలు కనిపించే మేడ దొరికితే ఫోటోలు తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టొద్దు.

అద్దె అగ్రిమెంట్‌లో ఏం రాయించుకోవాలి?

బదిలీ వస్తే ఒక నెల నోటీసుతో ఖాళీ చేయొచ్చని, అడ్వాన్సు పూర్తిగా తిరిగి ఇవ్వాలని స్పష్టంగా రాయించండి. ఏడాది దాటే లీజు రిజిస్టర్ చేయించాలి కాబట్టి అందరూ పదకొండు నెలలకే రాస్తారు. పాత పన్ను విధానంలో ఉండి హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు చూపించేవాళ్లు, ఏడాది అద్దె లక్ష దాటితే ఓనర్ పాన్ నంబర్ ఇస్తారా అని ముందే అడగాలి. అడ్వాన్సు ఇచ్చాక అడిగితే మొహం మాడ్చుకుంటారు.

పెళ్లి కాలేదు, అప్రెంటిస్‌గా చేరుతున్నాను. నాకేం చెప్తారు?

డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్ పిల్లలు చాలామంది మల్కాపురం, శ్రీహరిపురంలోనే గదులు తీసుకుంటారు నాన్నా. ముగ్గురు నలుగురు కలిసి, గేటుకి నడిచి వెళ్లే దూరంలో తీసుకో. మెస్ ఎక్కడుందో చూసుకో. స్టైపెండ్‌లో బండి ఈఎంఐ పెట్టుకోకు.

ఇక్కడే స్థలమో ఫ్లాటో కొనుక్కుందామనుకుంటున్నాం. జాగ్రత్తలేంటి?

మొదటి రెండేళ్లు కొనకండి. ఊరు తెలియాలి. తర్వాత కొనేటప్పుడు సింహాచలం వైపు అయితే పంచగ్రామాల సమస్య గురించి తప్పక తెలుసుకోవాలి. అడవివరం, వేపగుంట, చీమలాపల్లి, పురుషోత్తపురం, వెంకటాపురం, ఈ అయిదు గ్రామాల భూములపై దేవస్థానానికీ ప్రజలకీ ఏళ్ల తరబడి వివాదం నడుస్తోంది. ఇల్లు కట్టుకుని దశాబ్దాలుగా ఉంటున్నవాళ్లే రిజిస్ట్రేషన్ కోసం తిరుగుతున్నారు. "అందరూ కొంటున్నారు" అన్న మాట నమ్మొద్దు.

ఏ వైపైనా సర్వే నంబర్ 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి, ఈసీ (ఆ ఆస్తి మీద పాత లావాదేవీలు చూపే కాగితం) తీయించండి, లేఅవుట్‌కి విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ అనుమతి ఉందా అడగండి. నేవీ ప్రహరీకి దగ్గర్లో కట్టాలంటే రక్షణ శాఖ ఆంక్షలుంటాయి. డేగా చుట్టుపక్కల ఎత్తు మీద పరిమితి ఉంది, బిల్డర్ పై అంతస్తు అమ్ముతుంటే ఎత్తు అనుమతి కాగితం చూపించమనండి. ఇవన్నీ లాయరు చేత చూపించుకోండి, ఆ ఫీజు దగ్గర వెనకాడొద్దు.

మాది వేరే జిల్లా. ఇక్కడి మనుషులతో కలుస్తామా?

మొదటి రోజు వీధిలో ఎవరో పెద్దావిడ "ఏటమ్మా, కొత్తగా దిగారేటి?" అని అడుగుతుంది. గదమాయిస్తోందనుకుని నేను బెదిరిపోయాను. కాదు, మంచినీళ్లు కావాలా అని అడగడానికి వచ్చింది. ఉత్తరాంధ్ర యాస గట్టిగా వినిపిస్తుంది, మనసు మెత్తన.

సామాను ఎప్పుడు దించుకోవడం మంచిది?

వీలుంటే పిల్లల పరీక్షలయ్యాక, ఏప్రిల్ మొదట్లో. అక్టోబర్, నవంబర్‌లో అయితే వాతావరణం చూసుకుని లారీ బుక్ చేయండి. లారీ వచ్చే టైము పగలే ఉండేలా చూసుకోండి, పోర్టు రోడ్లలో పెద్ద లారీలకి వేళలుంటాయేమో కూడా అడగండి. గ్యాస్ స్టవ్వు, ఒక గిన్నె, బియ్యం, పిల్లల మందులు, టార్చిలైటు విడిగా ఒక సంచిలో పెట్టి చేతిలో ఉంచుకోండి. మా సామాను శ్రీహరిపురంలో దిగిన రాత్రి ఆ సంచి ఎక్కడుందో దొరక్క, కింది వాటా పిన్నిగారింట్లో అన్నం తిన్నాం.